కేసు మూడు తరాలు నడవాలంటే

పిల్లలకు ఆస్తి ఇచ్చి పోయేవాళ్లు ఊరూరా ఉంటారు. ఆస్తితోపాటు దాని మీద ఒక దావా కూడా అప్పగించి పోయేవాళ్లే నిజమైన దూరదృష్టి ఉన్నవాళ్లు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, యర్రగొండపాలెం వైపు అలాంటి పెద్దలకు ఏనాడూ కొదవ లేదు. వాన ముఖం చాటేయవచ్చు, అప్పు చేసి దించిన బోరులో దుమ్ము లేవవచ్చు, మిరప ధర పడిపోవచ్చు. వాయిదా మాత్రం తప్పదు.

కాని ఈమధ్య కుర్రకారు పాడైపోతున్నారు. కొనబోయే పొలానికి ఈసీ తీయిస్తున్నారట. ఫోనులో 1బి, అడంగలు చూస్తున్నారట. అడ్వాన్సు ఇవ్వకముందే కాగితాలు చంకన పెట్టుకుని ప్లీడరు దగ్గరికి పోతున్నారట. ఇట్లా అయితే కోర్టు ఎదురుగా టీ బంకు పెట్టుకున్నవాళ్లు ఏం తిని బతకాలి? అందుకని మన పెద్దలు ఆచరించి చూపిన పద్ధతులను ఒకచోట చేరుస్తున్నాను. పొల్లుపోకుండా పాటించండి. మీ మనవడు వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ మిమ్మల్ని తలుచుకుంటాడు. ఏ మాటలతో తలుచుకుంటాడన్నది వేరే సంగతి.

కాగితం అడిగితే మర్యాద పోతుంది

అమ్మేవాడు తెలిసినవాడైతే కాగితాలు అడగకండి. "ఏంది మామా, నా మీద నమ్మకం లేదా?" అని అతను ఒక్కమాట అనగానే తల దించుకుని అడ్వాన్సు చేతిలో పెట్టాలి. వంద రూపాయలు, అంతకు పైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. ఇప్పుడు వంద రూపాయలకు హద్దురాయి పాతే మనిషి కూడా రాడు కాబట్టి ఏ సెంటు భూమీ ఆ లెక్క తప్పించుకోలేదు. అయినా రిజిస్ట్రేషన్ ఖర్చు మిగలాలి కదా. స్టాంపు కాగితం మీద "స్వాధీన అగ్రిమెంటు" రాయించుకుని మర్నాడే పొలంలో అరక కట్టండి.

ఈ స్వాధీన అగ్రిమెంటు మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. పొలం స్వాధీనం చేస్తూ రాసిన అగ్రిమెంటుకు మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు పడినంత స్టాంపు డ్యూటీ పడుతుంది. ఆ సంగతి మీకు రాసిచ్చినవాడు చెప్పడు. గొడవ వచ్చి ఆ కాగితం కోర్టులో పెట్టిన రోజున అవతలి ప్లీడరు లేచి చెబుతాడు. అప్పుడు అసలు డ్యూటీతోపాటు దానికి పదింతల దాకా జరిమానా కట్టే వరకు కాగితం సాక్ష్యంలోకి రాదు. మిగిల్చామని మురిసిపోయిన డబ్బు పదకొండింతలై ఇంటిదాకా వచ్చి అడుగుతుంది.

రెండో సుగుణం గడువు. అమ్మినవాడి చేత రిజిస్టరు చేయించాలని దావా వేయడానికి మూడేళ్లే గడువు. అగ్రిమెంటులో తేదీ పెట్టుకుని ఉంటే ఆ తేదీ నుంచి, లేకుంటే అతను చేయనని చెప్పిన సంగతి మీకు తెలిసిన నాటి నుంచి లెక్క. అతను చేయనని ఎందుకంటాడు? ఉగాది పోనీ అంటాడు. పిల్ల పెళ్లి కానీ అంటాడు. చెన్నకేశవస్వామి తేరు అయ్యాక కూర్చుందామంటాడు. మీరు సరేనంటూ ఉండండి. ఒకనాడు అతనే పోతాడు. అప్పుడు అతని కొడుకుల్ని, కూతుళ్లను, కోడలిని, బెంగళూరులో ఉన్న మనవణ్ని, అందరినీ ప్రతివాదులుగా చేర్చుకోవాలి. ఒక్క సంతకంతో తీరిపోయే పని అరడజను మంది మీద దావా అయింది. ఈ ఎదుగుదల మరే వ్యాపారంలో ఉంది?

అగ్రిమెంటు పాతబడిందనిపిస్తే జీపీఏ తీసుకోండి. జీపీఏ రాసిచ్చినంత మాత్రాన హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. తేల్చనివ్వండి. ఆ తీర్పు ఢిల్లీలో ఇచ్చారు, మన పొలం తర్లుపాడులో ఉంది.

మరీ చవగ్గా కావాలంటే డీకేటీ పొలం చూడండి. భూమి లేని పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన భూములివి. వీటిని అమ్మకుండా, కొనకుండా 1977లోనే చట్టం చేశారు. కొన్నా అమ్మకం చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవాడికి శిక్ష కూడా రాసిపెట్టారు. సర్వే నంబరు 22ఎ నిషేధ జాబితాలో ఉంటే సబ్‌రిజిస్ట్రారు ముట్టుకోడు. ఇన్ని ఉన్నా ధర సగానికి సగం ఉంటుంది కదా! ఇరవై ఏళ్లు నిండిన పట్టాల విషయంలో 2023లో సవరణ వచ్చిందన్న ముక్క ఒకటి పట్టుకుని బ్రోకరు మీ ఇంటికి వస్తాడు. ఆ సవరణ ఈ సర్వే నంబరుకు వర్తించిందా, జాబితా నుంచి తీసేశారా అని తహసీల్దారు ఆఫీసులో అడగాలన్న దుర్బుద్ధి పుట్టకుండా చూసుకోండి. బ్రోకరు పాసుపుస్తకం తీసి చూపించగానే మీ సందేహాలన్నీ తీరిపోవాలి. పాసుపుస్తకం రెవెన్యూ రికార్డే తప్ప దానంతటది హక్కు పుట్టించదని కోర్టులు ఎన్నిసార్లు చెప్పినా సరే. దాంట్లో ఫొటో ఉంది, ముద్ర ఉంది, ఇంకేం కావాలి?

వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు కొనేవాళ్లకు ఒకటే చిట్కా. ఎండిన ఏడు చూసుకుని బేరానికి పొండి.

లింకు దస్తావేజుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ విషయంలో మన ప్రాంతానికి ఉన్న అదృష్టం కోస్తాలో చాలామందికి లేదు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2020 చివర మొదలైన రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అంటే తాత దస్తావేజులో కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకా అని ఉంటుంది. నాన్న పారీఖత్తులో ప్రకాశం జిల్లా అని ఉంటుంది. మీ పాసుపుస్తకంలో ఇంకో మండలం పేరుంటుంది. పిల్లల నాటికి నంబరే మారిపోతుంది. ఈ నాలుగూ ఒకే చేను అని వేలు పెట్టి చూపించగలిగేది ఇంట్లో ఉన్న ముసలాయన ఒక్కడే. ఏ గట్టు ఎవరు ఎప్పుడు జరిపారో, బావి వాటా ఎవరికి ఎన్నో రోజో ఆయనకు నోటికి వచ్చు. ఆయన దగ్గర కూర్చోకండి. పాత నంబరు పక్కన కొత్త నంబరు రాసి ఒక కాగితం చేసి పెట్టుకోకండి. ఆయన పోయాక కర్నూలు, ఒంగోలు రికార్డు గదుల చుట్టూ తిరగడంలో ఉన్న పుణ్యం వేరు.

రీసర్వేకు వస్తున్నామని నోటీసు ఇచ్చిన రోజున హైదరాబాదులోనే ఉండిపోండి. బస్సు ఛార్జీ మిగులుతుంది. మీ భూమీ పక్కవాడి భూమీ కలిపి జాయింట్ ఎల్‌పీఎం పడితే తర్వాత విడదీయించుకోవచ్చు. ఎప్పుడు అని అడగకండి.

నోటు వెనక ఏమీ రాయకండి

మన వైపు బ్యాంకు గడప తొక్కనివాడు ఉంటాడేమో గాని నోటు రాయని ఇల్లుండదు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ. రాసేది దస్తావేజు లేఖరి కావచ్చు, బడి పంతులు కావచ్చు. ఆ చిన్న కాగితాన్ని చెడగొట్టడానికి ఇన్ని దారులుంటాయని చాలామందికి తెలియదు.

అప్పిచ్చేవాళ్లకు ముందుగా. రెవెన్యూ స్టాంపు అంటించకండి. వేరే దస్తావేజులకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి బతికించుకోవచ్చునని పైన చెప్పాను. ప్రామిసరీ నోటుకు ఆ దారి కూడా మూసేశారు. స్టాంపు చట్టం 35వ సెక్షన్ ప్రకారం జరిమానా కడతామన్నా దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. లక్షల అప్పు రూపాయి బిళ్ల దగ్గర ఆగిపోతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నష్టం మరెక్కడా దొరకదు.

స్టాంపు పొరపాటున అంటించేశారా? భయం లేదు, మూడేళ్లు నిద్రపోండి. నోటు తారీఖు నుంచి మూడేళ్లలోగా దావా వేయకపోతే కాలం చెల్లిపోతుంది. మధ్యలో అతను పదివేలో పాతికవేలో తెచ్చిస్తే తీసుకుని జేబులో పెట్టుకోండి. గడువు దాటకముందే నోటు వెనక తారీఖు వేసి, ఎంత జమ అయిందో రాసి, ఇచ్చినవాడి చేత సంతకం చేయిస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల లెక్క మొదలవుతుంది. కాని సంతకం అడిగితే ఏమనుకుంటాడో! మొహమాటం ముఖ్యం.

అప్పు తీసుకునేవాళ్లకూ నా దగ్గర మందుంది. తీర్చిన డబ్బుకు రసీదు అడగకండి, బ్యాంకులో వేయకండి, చేతికే ఇవ్వండి. పూర్తిగా తీరాక నోటు వెనక్కి తెచ్చుకోకండి. "ఇంట్లో యాడో పెట్టినా తమ్మీ, దొరికితే చించేస్తాలే" అంటాడు. మంచిదన్నా అని వచ్చేయండి. ఆయన చించడు. ఆయన పోయాక బీరువా సర్దుతున్న కొడుక్కి దొరుకుతుంది. ఆ కుర్రవాడికి మీరు తీర్చిన సంగతి తెలియదు, తెలిసినా కాగితం మరోలా చెబుతోంది.

ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం చేసివ్వడం మన మంచితనానికి గుర్తు. స్టాంపు మీద సంతకం చేసి ఖాళీగా ఇచ్చిన నోటును నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమే అంటుంది. సంతకం మీదే అయితే అంకెలు ఎవరు వేసినా చెక్కు కేసు నడుస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అప్పు లేదని రుజువు చేసుకోవాల్సిన బరువు మీ నెత్తిన పడుతుంది. ఇక చెక్కు బౌన్సయి డబ్బు రావాల్సినవాళ్లు మాత్రం తీరిగ్గా ఉండాలి. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజులు ఎదురుచూపు, ఆపైన నెలలోగా కోర్టులో ఫిర్యాదు. ఈ వరసలో ఏ ఒక్కటి తప్పినా అవతలివాడు మీకు రుణపడి ఉంటాడు, డబ్బు రూపంలో కాదనుకోండి.

ఒక ఆపద గురించి హెచ్చరించాలి. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో రైతుల అప్పుల భారం తగ్గించడానికి ఒక చట్టం తెచ్చింది. కర్నూలు జిల్లా అప్పట్లో మద్రాసులోదే కనక మన ప్లీడర్లు ఇప్పటికీ రైతు తరఫున దాన్ని ఎత్తుతుంటారు. చక్రవడ్డీ, అధిక వడ్డీ కోర్టు ముందు నిలబడకపోవచ్చు. కాబట్టి నోటు దావా పడిన రైతులు "ఏం చేస్తాం, రాసిచ్చాం కదా" అని ఇంట్లోనే కూర్చోవాలి.

జామీను సంతకం సంగతి రెండు ముక్కల్లో. బావమరిది ట్రాక్టరు లోనుకు "ఊరికే సంతకం, పేరుకే" అంటాడు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతంత. బ్యాంకు ముందు అతన్నే అడగాలన్న నియమం కూడా లేదు. మీరు మార్కాపురంలో ఉద్యోగస్తులు, అతను బళ్లారిలో తిరుగుతుంటాడు. ముందు ఎవరు దొరుకుతారో ఆలోచించకండి, సంతకం చేసేయండి. కాదంటే చెల్లెలు బాధపడుతుంది.

పసుపు కుంకుమ లెక్క

ఆడపిల్లకు పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో చూపించడం మన ఆచారం. చూపించడం అన్నాను, గమనించండి. వేలు పెట్టి చూపిస్తారు, రిజిస్టరు చేయరు. అల్లుడు రెండేళ్లు సాగు చేస్తాడు, మూడో ఏడు బావమరిది అరక తోలుకొస్తాడు. స్థిరాస్తి దానం రిజిస్టరు దస్తావేజుతో, ఇద్దరు సాక్షులతో జరగాలని చట్టం. పసుపు కుంకుమకు కూడా అది వర్తిస్తుందా లేదా అని హైకోర్టుదాకా వెళ్లి వాదించుకున్న కుటుంబాలు ఆంధ్రదేశంలో ఉన్నాయి. మీరూ ఆ వరసలో చేరవచ్చు.

అన్నదమ్ములకు మాత్రం ఒక పాత నమ్మకం ఉంది. కట్నం ఇచ్చాం, సారె పెట్టాం, ఇంక దానికేం హక్కు? ఆ నమ్మకాన్ని వదలకండి. ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం వదిలేశారు. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ మినహాయింపు కూడా తీసేసింది. "మా నాయన అంతకు ముందే పోయినాడు గదా" అన్న చివరి పట్టును 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసు తీర్పు ఊడబెరికింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకమో, కోర్టు డిక్రీయో ఉంటే అది నిలుస్తుంది. మీ ఇంట్లో పంపకం ఎలా జరిగిందో గుర్తు చేసుకోండి. వేపచెట్టు కింద పెద్దమనుషులు కూర్చున్నారు, చీట్లు వేశారు, లేచి దులుపుకుని భోజనానికి పోయారు. భేషైన పద్ధతి. నోటిమాట పంపకాన్ని కోర్టులు మామూలుగా ఒప్పుకోవు.

ఇక్కడ అసలైన చిట్కా ఏమిటంటే అక్కచెల్లెళ్లతో మాట్లాడకపోవడం. పొలం అమ్మకానికి వచ్చి, కొనేవాడి ప్లీడరు "ఆడపిల్లల సంతకాలేవి?" అని అడిగే దాకా వాళ్లకు హక్కుందన్న సంగతి ఇంట్లో అనకూడదు. అప్పుడు హడావిడిగా కారు కట్టించుకుని వెళ్లి, తెల్లకాగితం మీద "నాకేమీ వద్దు" అని రాయించుకుని, ఒక చీర పెట్టి రావాలి. హక్కు వదులుకునే పత్రం కూడా రిజిస్టరు అయితేనే చెల్లుతుంది. చీర మాత్రం రిజిస్ట్రేషన్ లేకుండానే చెల్లుతుంది. ఎన్నేళ్లుగానో రాఖీకి, సంక్రాంతికి వచ్చిపోతున్న మనిషికి ముందే కూర్చోబెట్టి ఇంత భాగమో, దానికి సరిపడా డబ్బో ఇస్తామంటే మన వైపు చాలామంది ఆడపిల్లలు సగానికే సరేనంటారు. ఈ సంగతి అన్నలకు తెలిస్తే దావాల పంట ఎండిపోతుంది.

నామినీ గురించి కూడా ఇదే ధీమాతో ఉండండి. బ్యాంకులో, షేర్లలో పేరున్నవాడిదే డబ్బంతా అని పిల్లలకు చెప్పండి. నామినీ డబ్బు తీసుకునే మనిషే గాని సొంతదారుడు కాదని షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. మిగతా పిల్లలకు అది ఎవరో ఒకరు చెప్పే తీరతారు.

వీలునామాకు తొందరేముంది

వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మేవాళ్లకు నా సలహా అక్కర్లేదు, వాళ్లే అసలైన గురువులు. రాయక తప్పదనుకునేవాళ్లు మాత్రం వినండి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. ఇంత సులువైన దాన్ని చెడగొట్టాలంటే నైపుణ్యం కావాలి. సాక్షులుగా మీకంటే పదేళ్లు పెద్దవాళ్లను ఎంచుకోండి. గొడవ వచ్చినప్పుడు కనీసం ఒక సాక్షిని కోర్టులో నిలబెట్టాలి కాబట్టి ఇద్దరూ శ్మశానంలో ఉండటం అవసరం. ఆస్తంతా చిన్నోడికి రాసి, ఎందుకు రాశారో ఒక్క వాక్యం కూడా పెట్టకండి. ఆ కాగితం చిన్నోడి బీరువాలోనే దాచండి. తర్వాత అది పుట్టించిన కాగితమని పెద్దోడు అంటాడు, అనాలి కూడా.

బతికుండగానే ఇచ్చేద్దామనుకునే ఉదారులు కొడుకు పేరిట గిఫ్టు సెటిల్‌మెంటు రాసి, ఆ సాయంత్రమే తాళాలు కూడా ఇచ్చేయండి. తల్లిదండ్రుల్ని చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేసే వీలు 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. మార్కాపురం ఆర్డీవో దగ్గరికి అర్జీ పెట్టుకోవచ్చు. కాని ఆ షరతు మీదే ఆస్తి ఇచ్చినట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అంది. అందుకని లేఖరి "షరతు పెట్టమంటారా?" అని అడిగితే "సొంత కొడుకు దగ్గర షరతులేంటయ్యా" అని నవ్వేయండి. పక్కనే నిలబడ్డ కోడలు కూడా నవ్వుతుంది.

షాపు, ఫ్యాక్టరీ, చీటీ

అద్దెదారు పన్నెండేళ్లుంటే ఇల్లు అతనిదైపోతుందని భయపడి పదకొండో ఏట సామాను బయటపడేసేవాళ్లున్నారు. అద్దెకని వచ్చినవాడు అద్దెదారుగా ఉన్నంత కాలం యజమాని హక్కును కాదనలేడు, పన్నెండేళ్లు కాదు కదా ముప్పై ఏళ్లైనా. అయినా సామాను బయటపడేయండి. నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయించుకునే దారి ఉండగా క్రిమినల్ కేసు తెచ్చుకోవడం పౌరుషం.

మార్కాపురం పలక సంగతి వేరు. పిల్లల చంకల్లో బడికి పోయిన రాయి ఇప్పుడు గోడలకు, నేలకు అంటించే బండై దేశాలు దాటింది. సరుకు పంపినవాడి డబ్బు మాత్రం అవతలే ఉండిపోతుంది. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాడు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బివ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం. ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. వసూలుకు ప్రత్యేక కౌన్సిల్ ఉంది. ఇదంతా అందాలంటే సరుకు పంపడానికి ముందే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉండాలి. దానికి ఫీజు కూడా లేదు. ఫీజు లేనిదాన్ని నమ్మకూడదు కాబట్టి చేయించకండి. బిల్లు లేకుండా లోడు ఎత్తండి. "అన్నా, ఇంకో పది రోజులు" అని కొన్నవాడు పంపిన వాట్సాప్ మెసేజీలు ఎప్పటికప్పుడు తుడిచేయండి. అవి కోర్టులో సాక్ష్యమవుతాయి.

ఇద్దరు స్నేహితులు కలిసి ఫ్యాక్టరీ పెడితే ఫర్మును రిజిస్టరు చేయకూడదు. రిజిస్టరు కాని ఫర్ము బాకీదారుల మీద దావా వేయలేదని 1932 నాటి భాగస్వామ్య చట్టం అంటుంది. బాకీదారులు మాత్రం మీ మీద వేయవచ్చు. ఇంత న్యాయమైన ఏర్పాటు మరొకటి లేదు.

చీటీ పాటలంటారా, రిజిస్టరు కంపెనీలో కమిషన్ దండగ. పక్కవీధి వదినగారి దగ్గర వేయండి. అనుమతి లేకుండా చీటీ నడపడం 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నేరం. ఆమె పుస్తకంలో మీ పేరు పెన్సిలుతో రాసుకుంటుంది. ఒక తెల్లవారుజామున ఇంటికి తాళం ఉంటుంది, నెల తిరక్కుండా ఐపీ (దివాలా పిటిషన్) నోటీసు వస్తుంది. అప్పులవాళ్ల జాబితాలో మీ పేరు వెతుక్కునేటప్పుడైనా అచ్చులో చూసుకోవచ్చు.

విత్తనాల బిల్లు, సంచీ, లేబులు దాచకండి. నకిలీ విత్తనంతో నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చునని సుప్రీంకోర్టు 2012లో ఆంధ్రా రైతుల కేసులోనే చెప్పింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. బిల్లు అడిగితే దుకాణదారు "బిల్లుతో అయితే రేటు వేరు" అంటాడు. తక్కువ రేటే తీసుకోండి.

నోటీసు వచ్చాక

పోస్టుమ్యాన్ లాయరు నోటీసు తెస్తే పుచ్చుకోకుండా తిప్పి పంపండి. తిప్పి పంపితే అందినట్టే లెక్క. కోర్టు సమన్లు వస్తే వెనక గుమ్మంలోంచి వెళ్లిపోండి. తలుపుకు అంటించి పోతారు. వాయిదాకు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి 30 రోజులు. ఆ 30 రోజులూ "మనం సంతకం పెట్టలేదు కదా" అని ధైర్యంగా తిరగండి.

దావా వేయాల్సి వస్తే కోర్టుకు మాత్రం పోకండి. ముందు స్టేషన్‌కు పొండి. గట్టు తగాదా, అప్పు తగాదా, అద్దె తగాదా, ఏదైనా ఎస్సైగారే తేల్చాలి. హక్కు తేల్చే అధికారం పోలీసులకు లేదన్నది పుస్తకాల్లో మాట. అక్కడ బల్ల మీద రాసుకున్న రాజీకాగితంతో పొలం మీ పేరిట మారదు, మ్యుటేషన్ కాదు, బ్యాంకు లోను ఇవ్వదు. అయినా మీ వైపు ఎవరో పెద్దాయన ఫోను చేయించారన్న తృప్తి ఉంటుంది. ఎన్నికల తర్వాత అవతలివాడి వైపు ఫోను మొదలైతే ఆ తృప్తి చేతులు మారుతుంది. పొరుగువాడు ఇంజంక్షన్‌కు వెళ్తున్నాడని తెలిసినా కేవియట్ వేయకండి. అది 90 రోజులపాటు మీకు చెప్పకుండా ఆర్డరు రాకుండా ఆపుతుంది. మనకు కావలసింది సరిగ్గా అలాంటి ఆర్డరే.

ఇన్ని పద్ధతులూ ఒక్క రోజులో పాడుచేసే ప్రమాదం ఒకటుంది, లోక్ అదాలత్. మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ కోర్టుల్లోనే పెడతారు. 1987 నాటి చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్లీడరును ఉచితంగా ఇస్తారు. ఆదాయం తక్కువ ఉన్న మిగతావాళ్లకూ ఇస్తారు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేసిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. న్యాయ సేవల సంస్థ ఫోను నంబరు 15100, ఆ ఫోనుకు డబ్బులు పడవు.